కొన్నాక ఉచితమైన సాఫ్ట్‌వేర్: నా ఫైళ్ల గతి ఏమిటి?

ప్రశ్న: హన్మకొండలో పన్నెండేళ్లుగా చిన్న డిజైనింగ్ దుకాణం నడుపుతున్నాను. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, బడుల కరపత్రాలు మా పని. చాలాకాలం అందరిలాగే దొంగ కాపీలతో నెట్టుకొచ్చి, 2023లో మొదటిసారి సొంత పైసలు పెట్టి అఫినిటీ అనే డిజైనింగ్ సాఫ్ట్‌వేర్ రెండో వెర్షన్ కొన్నాను. ఒక్కసారి కడితే చాలు, నెలనెలా కట్టే బాధ లేదనే కొన్నాను. ఇప్పుడు దానినే, నెట్‌లో పోస్టర్లు చేసుకునే సాధనం నడిపే కాన్వా సంస్థ అందరికీ ఉచితంగా ఇస్తోంది. నా పైసలు పోయినట్టేనా? మా తమ్ముడేమో "పుక్కట్ల ఇస్తున్నరంటే ఎక్కడో గుంజుతరు, మన డిజైన్లన్నీ ఏఐకి తినిపిస్తరు" అంటున్నాడు. ఖిలా వరంగల్ తోరణాన్ని ఎన్నో రాత్రులు కూర్చొని గీత గీతగా గీసుకున్నాను. మా పత్రికలకు అదే గుర్తు. అది ఎవరి పాలో అవుతుందేమోనని భయంగా ఉంది. కొత్తదానికి మారాలా, పాతదానిలోనే ఉండాలా? రేపు మళ్లీ పైసలు అడిగితే ఏం చేయాలి? ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగు పాతదానిలో సరిగా పడదు కనుక వేరేచోట కొట్టి, కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి తెచ్చుకుంటున్నాను. ఆ కష్టం కొత్తదానితో తీరుతుందా?
ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: మీ పైసలు పోలేదండి. 2023లో మీరు కొన్నది ఆ రెండో వెర్షన్‌ను గడువు లేకుండా వాడుకునే హక్కు, అది ఈ రోజుకూ మీ చేతిలోనే ఉంది. పోయిన ఎండాకాలం పూర్తి ధరకు కొన్న కూలరు ఈ ఏడు సగం ధరకు దొరుకుతుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది కానీ, ఆ ఎండాకాలం చల్లగా గడిచిన మాట అబద్ధం కాదు కదా. ఆ లైసెన్సుతో ఎన్ని పత్రికలు చేశారో మీ బిల్లు పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. అయినా మీ ఉత్తరంలోని బాధ ఉత్త పైసల బాధ కాదని నాకు అనిపించింది, అందుకే సంగతి మొదటి నుంచి చెబుతాను.

అఫినిటీని తయారు చేసినది ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు చెందిన సెరిఫ్ అనే సంస్థ. 2014లో బొమ్మలు గీసే డిజైనర్, మరుసటి ఏడాది ఫోటోలు దిద్దే ఫోటో, 2019లో పేజీలు కట్టే పబ్లిషర్ వచ్చాయి, 2022 నవంబరులో మూడింటికీ రెండో వెర్షన్ వచ్చింది. ఫోటోషాప్ తయారుచేసే అడోబీ సంస్థ 2013లో తన సాఫ్ట్‌వేర్లను ఒకేసారి కొనుక్కునే పద్ధతికి స్వస్తి చెప్పి అద్దె పద్ధతికి మళ్లినప్పుడు, ఆ అద్దె గిట్టని వారిలో చాలామంది చేరిన గూడు ఇదే, మీరు కూడా ఆ దారిన వచ్చినవారే. 2024 మార్చిలో కాన్వా ఈ సంస్థను కొన్నప్పుడు ఇలాంటి వాడుకరులందరూ కలవరపడ్డారు. అప్పుడు రెండు సంస్థలూ కలిసి, ఒకసారి కొంటే ఎప్పటికీ ఉండే లైసెన్సులు కొనసాగుతాయని, ఎప్పుడైనా చందా పద్ధతి తెచ్చినా అది వాటికి తోడుగానే ఉంటుందని మాట ఇచ్చాయి. 2025 అక్టోబరు 30న మూడు ప్రోగ్రాములను కలిపి ఒకే అఫినిటీగా, కాన్వా ఖాతా తెరిచిన ఎవరికైనా ఉచితంగా విడుదల చేశారు. రెండో వెర్షన్ అమ్మకం మాత్రం ఆగిపోయింది.

మాట తప్పారా అంటే, తప్పారని గట్టిగా అనలేము, ఎందుకంటే చందా కట్టమని ఎవరూ అడగలేదు. కానీ కొనుక్కునే వస్తువు ఇప్పుడు అంగట్లో లేదు. పైసలిచ్చి తిన్నవాడికి కూరలో ఉప్పు తక్కువైందని అడిగే నోరు ఉంటుంది, పెండ్లి భోజనానికి వచ్చినవాడు అదే మాట అనడానికి మొహమాటపడతాడు. నిన్నటిదాకా మీరు ఆ సంస్థకు గిరాకీ, ఈ రోజు అతిథి. మీకు కలిగిన వెలితి అదేనని నేననుకుంటున్నాను, దానిని తప్పుపట్టను.

మీ తమ్ముడి మాటకు వస్తాను. ఉచితంగా ఇచ్చే ప్రతివాడూ గుంజేవాడే కాడు కానీ, ప్రతివాడికీ ఒక లెక్క ఉంటుంది, మనం తెలుసుకోవలసినది ఆ లెక్కను. పెండ్లి వీడియోలు ఎడిట్ చేసేవారు మీ వీధిలోనే ఉంటారు, డావించీ రిజాల్వ్ గురించి వారిని అడగండి. రంగులు దిద్దే ఆ వ్యవస్థను ఒకప్పుడు పెద్ద స్టూడియోలు తప్ప ఇతరులు కొనగలిగేవారు కాదు. బ్లాక్‌మ్యాజిక్ సంస్థ 2009లో దానిని కొని, 2011లో ఉచిత వెర్షన్ ఇచ్చింది, ఇప్పటికీ ఇస్తోంది. ఆ సంస్థకు కెమెరాలు, ఎడిటింగ్ పరికరాలు అమ్ముకునే వ్యాపారం ఉంది కనుక సాఫ్ట్‌వేర్ ఊరికే ఇచ్చినా దానికి నష్టం లేదు. కాన్వా లెక్క కూడా కొంత ఇలాంటిదే. దాని రాబడి డిజైనర్ల నుంచి కాదు, డిజైన్ రాకపోయినా పోస్టర్లు చేసుకోవలసిన ఆఫీసుల నుంచి, వ్యాపారుల నుంచి చందా రూపంలో వస్తుంది. మీవంటి పనివారు తమ గొడుగు కిందకు వస్తే ఆ ఆఫీసులు కూడా తమను విడిచి పోవని దాని ఆశ. అఫినిటీలోని ఏఐ పనిముట్లు మాత్రం కాన్వా చందా కట్టినవారికే తెరుచుకుంటాయి. అంటే గుంజడం లేదనలేము, గుంజే చోటు అక్కడ ఉంది. ఆ పనిముట్లు అక్కరలేనివారికి గీతలు గీయడం, ఫోటో దిద్దడం, పేజీలు కట్టడం ఉచితమే.

అయితే ఉచితం ఎన్నాళ్లు అన్నదానికి మరో ఉదాహరణ చెప్పాలి, ఇది కాస్త చేదుగా ఉంటుంది. నిక్ కలెక్షన్ అని ఫోటోగ్రాఫర్లు ఎంతో ఇష్టపడిన ఫిల్టర్ల సంపుటి ఉండేది. 2012లో గూగుల్ ఆ సంస్థను కొన్నది, మరుసటి ఏడాది దాదాపు 500 డాలర్ల సంపుటిని 149 డాలర్లకు దించింది, 2016 మార్చిలో పూర్తిగా ఉచితం చేసింది. అందరూ సంబరపడ్డారు. ఏడాది గడిచేసరికి ఇక దీనికి కొత్త మార్పులేవీ చేయబోమని చెప్పారు, 2017 అక్టోబరులో డీఎక్స్‌ఓ అనే ఫ్రెంచి సంస్థకు అమ్మేశారు, 2018లో అది మళ్లీ 69 డాలర్ల వస్తువుగా అంగట్లోకి వచ్చింది. ఇందులో మోసం ఎవరిదీ లేదు. పైసలు రాని వస్తువు మీద యజమానికి మమకారం తగ్గింది, అంతే. నన్నడిగితే, రేపు అఫినిటీకి ధర పెడతారేమో అన్న భయం కంటే పట్టించుకోవడం మానేస్తారేమో అన్న భయమే సరైనది. ధర పెడితే కనీసం మీకు తెలుస్తుంది, మానేయాలో కట్టాలో మీరే తేల్చుకుంటారు. పట్టించుకోవడం మానేస్తే ఒకనాడు కంప్యూటరు మార్చినప్పుడు గానీ తెలియదు.

యజమాని చిత్తంతో పనిలేని ఉచితం కూడా ఒకటి ఉంది. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ వెనుక ఉన్న సంస్థ మూతపడినప్పుడు, దానిని వాడేవారు చందాలు వేసుకొని లక్ష యూరోలు పోగు చేసి, 2002లో దాని సోర్సు కోడ్‌ను, అంటే సాఫ్ట్‌వేర్ రాసిన అసలు పాఠాన్ని, అందరి సొత్తుగా విడిపించుకున్నారు. ఇక దానిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, ఫోటోలు దిద్దే గింప్, పేజీలు కట్టే స్క్రైబస్ కూడా ఈ కోవలోవే. అఫినిటీ ఈ కోవలోది కాదు, దాని కోడ్, దాని భవిష్యత్తు కాన్వా చేతిలోనే ఉంటాయి. అద్దె తీసుకోని ఇంటి యజమాని దగ్గర ఉంటున్నట్టు ఉండండి, ఉండవద్దని మాత్రం నేననను.

ఇప్పుడు అసలు చూసుకోవలసిన చోటికి, అంటే మీ ఫైళ్ల దగ్గరికి వద్దాము. కొత్త అఫినిటీ మీ రెండో వెర్షన్ ఫైళ్లను తెరుస్తుంది. కానీ దానిలో ఒకసారి సేవ్ చేసిన ఫైలు ఏఎఫ్ అనే కొత్త రూపంలోకి పోతుంది, దానిని మీ పాత వెర్షన్ తెరవలేదు. ఇది పోవడానికే తప్ప రావడానికి వీలులేని దారి. తొందరపడి మీ పాత పనినంతా కొత్తదానిలోకి మార్చుకోవద్దు. ఏ పత్రికకు మళ్లీ పని పడితే దానికి నకలు తీసి ఆ నకలును మాత్రమే కొత్తదానిలో తెరవండి, అసలు ఫైలును కదిలించకండి.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. చాలా ఏళ్ల క్రితం కాజీపేటలో మేము నలుగురం కలిసి ఒక చిన్న పత్రిక నడిపాము. పేజీలన్నీ అప్పటి ఒక పేజీ తయారీ సాఫ్ట్‌వేర్‌లో, దాని సొంత రూపంలోనే దాచుకున్నాము. తెలుగు ఫాంట్లకు కంప్యూటరు వెనుక గుచ్చే చిన్న తాళం ఉండేది. కంప్యూటరు పాడైంది, ఇల్లు మారినప్పుడు ఆ తాళం ఎక్కడో జారిపోయింది. ఫైళ్లు ఈనాటికీ నా దగ్గర ఒక సీడీలో ఉన్నాయి. తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్న గుర్తులు వరుసగా కనిపిస్తాయి. అప్పట్లో ఒక్కొక్క సంచికను పీడీఎఫ్‌గా కూడా దాచి ఉంటే, పదినిమిషాల పని, ఈ రోజు మీకు ఆ పత్రికను చూపించగలిగేవాడిని.

అందుచేత మీ తోరణాన్ని ముందు కాపాడుకోండి. పాత వెర్షన్‌లోనే దానిని తెరిచి, ఎస్‌వీజీ రూపంలో ఒకటి, పీడీఎఫ్ రూపంలో ఒకటి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఈ రెండూ ఏ ఒక్క సంస్థ చేతిలోనూ లేని ప్రమాణాలు, కోరల్ డ్రా అయినా ఇంక్‌స్కేప్ అయినా రేపు వచ్చే మరొకటైనా వీటిని తెరుస్తుంది. గీతలు గీతలుగానే వస్తాయి, స్తంభాల మీది హంసల వంపులు చెడవు, పెద్ద ఫ్లెక్సీకి సాగదీసినా పగలవు. రెండు వేర్వేరు పెన్‌డ్రైవుల్లో దాచి ఒకటి ఇంట్లో ఉంచండి. మీ దగ్గర ఎక్కువగా తిరిగివచ్చే డిజైన్లకు, అంటే పత్రికల అంచులు, వినాయకుడి బొమ్మలు, బడుల గుర్తులు, వీటన్నిటికీ ఇదే పని చేయండి. మిగిలినవాటికి పీడీఎఫ్ చాలు. అలాగే రెండో వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను, మీరు కొన్న రశీదును, ఖాతా వివరాలను కూడా దాచిపెట్టుకోండి. మీది విండోస్ 10 కంప్యూటరైతే దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎలాగూ కొత్తది కొనవలసివస్తే పాతదానిని అమ్మకుండా, నెట్ తీసేసి, రెండో వెర్షన్ కోసమే ఒక మూల ఉంచుకోవడం మంచిది.

ఏఐకి తినిపించే సంగతి. అఫినిటీలో చేసిన పని మీ కంప్యూటరులోనే ఉంటుందని, దానిని ఏఐ శిక్షణకు వాడమని కాన్వా చెప్పింది. అయితే మీరు ఏదైనా డిజైన్‌ను కాన్వా వెబ్‌సైటులోకి ఎక్కిస్తే అది వేరే లెక్క కిందికి వస్తుంది, అక్కడ మీ ఖాతా సెట్టింగులలోని గోప్యత భాగంలో, మీ పనిని శిక్షణకు వాడుకోవచ్చునా లేదా అనే మీటలు ఉంటాయి. ఖాతా తెరిచిన రోజునే అక్కడికి వెళ్లి వాటిని ఒకసారి చూసుకొని, మీకు ఇష్టం లేనివి ఆపేయండి. తోరణాన్ని కాన్వాలోకి ఎక్కించనే వద్దు. ఖిలాలోని ఆ నాలుగు తోరణాలు కాకతీయులు మనందరికీ ఇచ్చి పోయినవి, వాటిని ఎవరైనా గీసుకోవచ్చు. కానీ మీరు గీసిన ఆ గీత మీదే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం గీసిన క్షణం నుంచే దాని మీద హక్కు మీకు ఉంటుంది, రిజిస్టరు చేయించకపోయినా ఉంటుంది. నిజానికి, మీరు వాట్సాప్‌లో గిరాకీలకు పంపే ప్రూఫు బొమ్మల నుంచి ఆ తోరణం తస్కరణకు గురయ్యే అవకాశమే ఎక్కువ. ప్రూఫులను తక్కువ సైజులో, మధ్యలో దుకాణం పేరు పడేలా పంపుతున్నారో లేదో చూసుకోండి. వధూవరుల ఫోటోలు, ఇంటి చిరునామాలు ఉన్న పత్రికలను గిరాకీని అడగకుండా ఏ ఆన్‌లైన్ పనిముట్టులోకీ ఎక్కించకూడదు, అది నమ్మకానికి సంబంధించిన విషయం.

ఖాతా గురించి మరొక హెచ్చరిక. కొత్త అఫినిటీని మొదటిసారి చాలూ చేయడానికి కాన్వా ఖాతా, నెట్ రెండూ కావాలి, ఆ తరువాత నెట్ లేకుండా పని నడుస్తుంది. మన దుకాణాల్లో జరిగేదేమిటంటే, ఎవరో పనిపిల్లవాడు తన సొంత మెయిలుతో ఖాతా తెరిచేస్తాడు, ఆరు నెలలకు హైదరాబాదులో కొలువు దొరికి వెళ్లిపోతాడు, పాస్‌వర్డు వానితోపాటే వెళ్లిపోతుంది. దుకాణం పేరుతో ఒక మెయిలు పెట్టి, దుకాణం ఫోన్ నంబరే ఇచ్చి ఖాతా తెరవండి. ఆ పిల్లలు ఇంట్లో నేర్చుకోవడానికి వారివారి ఖాతాలు వారు తెరుచుకోవచ్చు. ఈ ఉచితం వల్ల నిజంగా బాగుపడేది వారే. దొంగ కాపీ కోసం పెన్‌డ్రైవు పట్టుకొని తిరిగి, వైరసులు అంటించుకొని నేర్చుకున్న మన తరానికి ఆ అదృష్టం లేదు.

చివరగా తెలుగు సంగతి. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరపు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చొని ఉంటాయి, తాను తెలుగును చూస్తున్నానన్న సంగతే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అందుకే ఇన్నేళ్లు పేజ్‌మేకర్‌లో కూడా పని నడిచింది. యూనికోడ్ అలా కాదు. ఏ హల్లు కింద ఏ వత్తు పడాలో, గుడి ఎక్కడ అంటాలో ఫాంటులో రాసి ఉన్న నియమాలను సాఫ్ట్‌వేర్ చదివి కూర్చుకోవాలి. ఆ కూర్పు రానిచోట పొల్లు విడిగా నిలబడిపోతుంది. దీనికి పెండ్లి పత్రికను మించిన పరీక్ష లేదు. కొత్తదానిలో మండలి గానీ రామభద్ర గానీ, ఏదో ఒక యూనికోడ్ ఫాంటు పెట్టి "అవిఘ్నమస్తు", "జ్యేష్ఠ పుత్రిక", "లక్ష్మి", "స్త్రీ" అనే నాలుగు మాటలు కొట్టి చూడండి. "జ్యేష్ఠ"లో ష కింద ఠ వత్తు సరిగా ఒదిగి, "స్త్రీ"లో రెండు వత్తులూ ఒకదానినొకటి మింగకుండా ఉంటే సరే. స్క్రీను మీద చూసి ఊరుకోకుండా పీడీఎఫ్ చేసి మళ్లీ తెరిచి చూడండి, కొన్నిసార్లు ఒకచోట బాగున్నది మరొకచోట విడిపోతుంది. పరీక్ష తప్పితే ఇప్పటి మీ పద్ధతినే కొనసాగించండి, కాకపోతే ఒక చిన్న మార్పుతో. తెలుగును ఇంక్‌స్కేప్‌లో కొట్టండి, అది యూనికోడ్ తెలుగును చక్కగా కూర్చుతుంది, అదీ ఉచితమే. కర్వ్స్ చేయడానికి ముందే ఆ పాఠాన్ని వేరుగా సేవ్ చేసుకోండి. కర్వ్స్ అయిన తరువాత అవి అక్షరాలు కావు, బొమ్మలు. రాత్రి పది గంటలకు వరుని తండ్రి ఫోన్ చేసి ఇంటిపేరులో దీర్ఘం పోయిందంటే, ఆ సేవ్ చేసిన పాఠం లేకపోతే మొత్తం మళ్లీ కొట్టుకోవాలి.

మారాలా వద్దా అన్నదానికి నా మాట: మారండి, కానీ లగ్గాల రోజుల్లో మారకండి. మూఢం పడి దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు పోయిన సీజనులో చేసిన ఒక పత్రికను తీసుకొని, ఫైలును తెరవకుండా, కాగితం పక్కన పెట్టుకొని కొత్తదానిలో మొదటి నుంచి చేయండి. సీఎంవైకే అనే అచ్చు రంగులు, బ్లీడు (కత్తిరింపు గీతను దాటించి ఉంచే అంచు), కటింగ్ మార్కులు అన్నీ పెట్టి పీడీఎఫ్ తీసి, మీరు ఎప్పుడూ ఇచ్చే ప్రెస్సుకే ఇచ్చి ప్రూఫు తీయించండి. పాత పత్రిక పక్కన ఆ ప్రూఫును పెట్టి పసుపు, కుంకుమ రంగులు రెండింటిలో ఎంత తేడా వచ్చిందో మీ కంటితో చూసుకోండి. తేడా లేకపోతే రాబోయే సీజనులో కొత్త పనులు మాత్రమే దానిలో మొదలుపెట్టండి, తేడా వస్తే ఆ ప్రూఫు ఫోటోతో మళ్లీ రాయండి.